ఎవరూ పిలవనప్పుడు

నాకు భయం వేస్తే ముందుగా పోయేది గొంతు. చేతులు వణకవు, కళ్ళు తిరగవు. అవి బుద్ధిగా వాటి పని అవి చేసుకుంటాయి. గొంతు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. అందుకే కంప్యూటర్ సైన్సు డిగ్రీ నాకు చక్కగా కుదిరిందనుకున్నాను. యంత్రంతో మాట్లాడక్కర్లేదు, టైపు చేస్తే చాలు. తప్పు రాస్తే అది ఎర్ర అక్షరాల్లో తిడుతుంది గానీ నలుగురిలో నిలబెట్టి తిట్టదు. ఈ చదువులో కూడా వైవా అనే పీడ ఒకటుంటుందని, ఎదురుగా ఒక మనిషి కూర్చుని "ఊఁ, చెప్పు" అంటారని చేరేముందు నాకెవరూ చెప్పలేదు.

క్లాసులో నన్ను మ్యూట్ అంటారు. మా తమ్ముణ్ణి మైకు అంటారు. సొంత తమ్ముడు కాదు, పిన్ని కొడుకు. నాకంటే నాలుగు నెలలు చిన్న, అయినా అక్కా అనే పిలుస్తాడు, పని పడ్డప్పుడు మరీ తియ్యగా. మా ఊళ్ళో డిగ్రీ కాలేజీ లేదు. "డిగ్రీ మూడేళ్ళూ నా దగ్గరుంటుందిలే అక్కా, నీకెందుకు బెంగ" అని పిన్ని మా అమ్మకు మాటిచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాను. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే క్లాసు, ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు. అలా ఆఖరి సంవత్సరం దాకా లాక్కొచ్చాం.

పిన్ని నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీలే వేయించుకుంటుంది, పగలు పడుకుంటుంది. బాబాయిది సరుకు లారీల మీద తిరిగే ఉద్యోగం, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. పగలంతా ఆ ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టాలి. తలుపు వెయ్యాలంటే గడియను వేలితో పట్టుకుని నెమ్మదిగా వదలాలి. తమ్ముడు ఇంటిపట్టున ఉండే రకం కాదు కాబట్టి వాడికా బాధ లేదు. నాకు మొదటినుంచీ మాటలు తక్కువే. ఆ ఇంటికొచ్చాక ఉన్న ఆ కాసిని కూడా పోయాయి.

చివరి సెమిస్టరు ల్యాబు ప్రాజెక్టుకి మేడం మాకు లిఫ్టు ఇచ్చారు. నిజం లిఫ్టు కాదు, ప్రోగ్రాములో నడిచే లిఫ్టు. పది అంతస్తుల భవనం, ఎవరెవరో ఎక్కడెక్కడో బటన్ నొక్కుతుంటారు. ముందు ఎవరి దగ్గరకు వెళ్ళాలి, దారిలో ఎవర్ని ఎక్కించుకోవాలి, ఎవరూ పిలవనప్పుడు ఎక్కడ ఆగి ఉండాలి, అన్నీ మనమే రాయాలి. ఎవరిది వాళ్ళే రాయాలి. కాపీ అని తేలితే సున్నా. సున్నా వస్తే ఆ సంవత్సరం మొత్తం మళ్ళీ చదవాలి.

ఆ మేడంని మేమంతా కంపైలర్ అంటాం. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చి పెట్టేది కంపైలరు, ఒక్క సెమికోలన్ తప్పినా గుమ్మం దాటనివ్వదు. మేడం కూడా అంతే. అరవరు, కసరరు. మెత్తగా ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కళ్ళార్పకుండా చూస్తారు. అరిచేవాళ్ళే నయం. అరుస్తున్నంతసేపూ మనం మాట్లాడక్కర్లేదు.

ప్రాజెక్టులు రాసి ఇచ్చేసిన కొన్నాళ్ళకి ల్యాబు తలుపు మీద కాయితం అంటించారు. దాని మీద నా నంబరు, పక్కనే తమ్ముడి నంబరు. ఇద్దరూ కలిసి వైవాకి రావాలి, రెండు ప్రోగ్రాములూ ఒకటే అని తేలింది, ఎవరు రాశారో తేలకపోతే ఇద్దరికీ సున్నా. నేను రాసిందే అది. కాలేజీ లేని పగళ్ళన్నీ, పిన్ని పడుకుని ఉండగా, ఆ కంప్యూటరు ముందు కూర్చుని, కీబోర్డు చప్పుడు కాకుండా కింద దుప్పటి మడిచి వేసుకుని రాశాను.

తమ్ముణ్ణి క్యాంటీను వెనక పట్టుకున్నాను.

"నా ఫైలు తీశావా?"

"తియ్యలేదక్కా, చూశాను. చూసి రాశాను. తియ్యడానికీ చూడ్డానికీ తేడా లేదూ?"

"అడగొచ్చుగా?"

"అడిగితే ఇస్తావు. ఇచ్చాక నీకు భయం పట్టుకుంటుంది, నిద్రపోవు. నీ మంచికే అడగలేదు."

వాడి నోరు అలాంటిది. జేబు కొట్టి, బరువు తగ్గించానని మన చేతే థాంక్స్ చెప్పించుకుంటాడు. నా ప్రోగ్రాములో పేర్లన్నీ మార్చాడట, వరసలు కూడా అటూ ఇటూ చేశాడట. గడ్డం మీసం అతికిస్తే మాత్రం మనిషి నడక మారుతుందా? పక్కపక్కన పెట్టి చూస్తే చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది.

"వైవాలో నువ్వు నోరెత్తకు," అన్నాడు. "ఎలాగూ ఎత్తలేవనుకో. మాట్లాడే పని నాది. ఇద్దర్నీ గట్టెక్కిస్తా, సరేనా?"

నేను తలూపాను. ఏం చెయ్యమంటారు? సున్నా వస్తే నేను మళ్ళీ చదవడమంటూ ఉండదు, పిన్ని ఇచ్చిన మాట మూడేళ్ళకే. సంచి సర్దుకుని మా ఊరు పోవడమే. పోనీ వాడు దొంగ అని చెబితే, వాడు ఎవరి కొడుకు? ఎవరి ఇంట్లో ఉంటున్నాను, ఎవరి అన్నం తింటున్నాను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్య నిలబడే చోటు కూడా నాకు కనిపించలేదు.

ఆ సాయంత్రం పిన్ని డ్యూటీకి బయల్దేరుతుంటే ఎప్పటిలాగే సంచి పట్టుకుని మా అపార్టుమెంటు లిఫ్టు దాకా వెళ్ళాను. ఆవిడ జడ బిగించుకుంటూనే బటన్ నొక్కింది.

"రేపు వాడికేదో వైవా ఉందట కదే?"

"ఇద్దరికీ పిన్నీ."

"కాస్త చూసుకో వాణ్ణి. మాటలు కోటలు దాటతాయి గానీ లోపల పసివాడు. నువ్వు పెద్దదానివి, నువ్వే కనిపెట్టుకుని ఉండాలి. వాడికి ఒక ఏడాది పోయిందంటే మీ బాబాయి ముందు నేను తలెత్తుకోలేను."

లిఫ్టు రావడం లేదు. ఆవిడ మళ్ళీ నొక్కింది. ఇప్పుడు చెప్పెయ్యాలి, పిన్నీ, వాడు నాది కాపీ కొట్టాడు అనాలి అనుకున్నాను. మాట గొంతు దాకా వచ్చింది, అక్కడే కూలబడింది. లిఫ్టు వచ్చింది. ఆవిడ నా చేతిలో సంచి అందుకుని, నా బుగ్గ మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయింది. ఆ తట్టడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మేడం గదిలో ఒక బల్ల, అటు ఒక కుర్చీ, ఇటు రెండు. ఫ్యాను గాలికి లేవకుండా రెండు కాయితాల బొత్తుల మీద రెండు స్టాప్లర్లు పెట్టి ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి వాడిది. ఒకేలా ఉన్న చోటల్లా పచ్చరంగు పూశారు. తెల్లగా మిగిలింది తక్కువే.

"ఎవరు రాశారు?" అన్నారు మేడం.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు మేడం వైపు చూశాడు. అక్క రాసిందని అనలేదు, నేను రాశానని కూడా అనలేదు. "మేడం, ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను" అని మొదలుపెట్టాడు.

ఎంత బాగా చెప్పాడంటే, విని నాకే ముచ్చటేసింది. లిఫ్టు పైకి వెళ్తున్నంతసేపూ కిందకి రమ్మన్న పిలుపుల్ని పక్కన ఎలా దాచి పెడుతుందో, ఒకే అంతస్తు నుంచి రెండుసార్లు పిలిస్తే ఒకటిగా ఎలా లెక్కేస్తుందో, వేళ్ళు చాపుతూ ముడుస్తూ బొమ్మ గీసినట్టు చెప్పాడు. పేర్లు మార్చడానికి ప్రతి వరసా చదివాడు కదా, కంఠతా వచ్చేసింది. రాసినదాన్ని నేను, అప్పజెప్పేది వాడు. మేడం తలాడిస్తున్నారు. ఆ తల ఆడినప్పుడల్లా నా గుండె ఒక మెట్టు కిందకి జారుతోంది.

"నువ్వు చెప్పమ్మా. ఈ భాగం ఏం చేస్తుంది?"

మేడం వేలు పెట్టిన చోటు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. దానికోసం వారం రోజులు తల బాదుకున్నాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మేడం కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"తెలీదా?"

తెలుసన్నట్టు తలూపాను. తెలుసని తలూపితే ఎవరు నమ్ముతారు? తమ్ముడు మెల్లగా, ఎంతో జాలిగా, "అక్కకి కొంచెం భయం మేడం" అన్నాడు. ఆ జాలికి ఒళ్ళు మండిపోయింది నాకు. మండి ఏం లాభం, మంట వల్ల మాట రాదుగా.

"అయితే నువ్వే రాశావన్నమాట," అన్నారు మేడం వాడితో.

వాడు చిన్నగా నవ్వాడు. అవునని ఒక్క మాట అనకుండానే నా చదువు మొత్తం పట్టుకుపోయాడు. అయిపోయింది అనుకున్నాను. మా ఊరి బస్సు కనిపించింది నాకు, అమ్మ ముఖం కనిపించింది. ఇద్దర్నీ గట్టెక్కిస్తానన్నవాడు పడవలో ఒక్కడికే చోటుందని మధ్యలో గుర్తొచ్చినట్టు నవ్వుతున్నాడు.

మేడం బొత్తులు మూయబోయి ఆగారు. "ఒక్కటి. ఎవరూ పిలవనప్పుడు మీ లిఫ్టు మూడో అంతస్తుకి వెళ్ళి ఆగుతోంది. క్లాసులో అందరివీ కిందే ఆగాయి, లేదా ఆఖరున దింపిన చోట ఆగాయి. మీ ఇద్దరివే మూడులో. ఎందుకు?"

"సగటు మేడం," అన్నాడు తమ్ముడు తడుముకోకుండా. "కింద నుంచి ఎక్కేవాళ్ళు ఎక్కువ, పై నుంచి పిలిచేవాళ్ళు కూడా ఉంటారు. ఎదురుచూసే సమయం అందరికీ తగ్గాలంటే మూడు దగ్గర ఆపాలి."

"లెక్క వేశావా?"

"వేశాను మేడం."

"నేనూ వేశాను. సగం మంది కింద నుంచే పిలుస్తారనుకుంటే కిందే ఆగాలి. అన్ని అంతస్తులూ సమానమనుకుంటే మధ్యలో ఆగాలి. నాకు మూడు రావట్లేదు."

"దాదాపుగా మేడం... అంటే, ఉజ్జాయింపుగా..."

మేడం వాడి నుంచి నా వైపు తిరిగారు. "నువ్వేమైనా చెబుతావా? ఇదే ఆఖరు."

తమ్ముడు నన్ను చూశాడు. తల అడ్డంగా ఆడించాడు, ఆడించాడా అనిపించేంత కొంచెంగా. మూడు ఎందుకో వాడికి తెలీదు, నాకు తెలుసు. నేను చెప్పానంటే వాడు మునుగుతాడని ఇద్దరికీ తెలుసు. వాడు మునిగితే పిన్ని ఇంటికి నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను? చెప్పకపోతే ఈ గది దాటాక ఇంకెవరికి చెబుతాను? భయం రెండు వైపుల నుంచీ వచ్చి నొక్కింది. ఎటు తప్పుకోవాలో తెలియనంత నొక్కింది. ఆ ఒత్తిడికే కాబోలు, లోపల ఇరుక్కున్నది బయటపడింది.

"మా పిన్ని," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమిటి?"

"మా పిన్ని ఉండేది మూడో అంతస్తు మేడం. ఆవిడ నర్సు. సాయంత్రం డ్యూటీకి వెళ్ళేటప్పుడు లిఫ్టు ఎప్పుడూ పైన ఎక్కడో ఉంటుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగడం కష్టం. లేటైపోతోందని బటన్ నొక్కుతూనే ఉంటుంది. అందుకని... ఎవరూ పిలవనప్పుడు మూడులో ఉంటే, ఆవిడ తలుపు తీసి రాగానే ఉంటుందని పెట్టాను. లెక్కేం లేదు మేడం. తప్పయితే మార్కులు తీసెయ్యండి."

ఇంత పొడుగు మాట నేను ఆ కాలేజీలో అంతకుముందు మాట్లాడి ఎరగను. మేడం పెన్ను కింద పెట్టారు.

తమ్ముడు కుర్చీలోంచి సగం లేచాడు. "మేడం, ఆవిడ మా అమ్మే! నేనూ అందుకే పెట్టాను! ఒకే ఇల్లు మాది. ఇంటి విషయాలు ఎందుకులే అని సగటు అన్నాను గానీ..."

మెచ్చుకోవాలి వాణ్ణి, మునుగుతూ కూడా గట్టు పట్టుకున్నాడు. మేడం ఎప్పటిలాగే మెత్తగా అడిగారు.

"మీ అమ్మగారు సాయంత్రం ఎన్ని గంటలకి బయల్దేరతారు?"

వాడు నోరు తెరిచాడు. ఆ వేళకి వాడు ఏ రోజూ ఇంట్లో లేడు. వాడి చొక్కా ఎక్కడుందో, పరీక్ష ఏ రోజో, ఏది తెలియకపోయినా చేసే పనే అప్పుడూ చేశాడు. జవాబు కోసం నా వైపు తిరిగాడు.

మేడం అది చూశారు. ఇంకేమీ అడగలేదు. "నువ్వు వెళ్ళమ్మా," అన్నారు నాతో. "నీది పాస్. నువ్వు ఉండు," అన్నారు వాడితో.

బయట వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాసయ్యానన్న సంతోషం కోసం వెతుక్కున్నాను, ఎక్కడా దొరకలేదు. తలుపు తెరుచుకుని వాడు వచ్చాడు. ముఖంలో రంగంతా కడిగేసినట్టుంది. ఏదో ఒకటి అంటాడని, తిడతాడని చూశాను. నన్ను దాటుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మైకు ఆగిపోతే ఎంత భయంగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

ఇంటికి వెళ్ళే బస్సు ఒకటి వదిలేశాను, రెండోది కూడా వదిలేశాను. చివరికి వెళ్ళేసరికి పిన్ని యూనిఫారంలో హాల్లో కూర్చుని ఉంది. వాడి గది తలుపు వేసి ఉంది. ఆవిడ నన్ను కూర్చోమనలేదు.

"ఏడాది పోయిందట వాడికి," అంది.

"పిన్నీ..."

"నా కోసమే ఏదో రాశావట కదా. లిఫ్టు నా గుమ్మం ముందు ఆపావట. ఎవరడిగారే నిన్ను?"

ఆవిడ గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఎవరికీ గొంతు పెంచే అలవాటు లేదు.

"ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నోరు విప్పిన పాపాన పోలేదు. బాగున్నావా అంటే తలూపుతావు, ఒంట్లో బాలేదా అంటే తలూపుతావు. విప్పక విప్పక ఇవాళే విప్పాలా? వాడి మీదేనా?"

తలూపేస్తే సరిపోతుంది, పాదాల వైపు చూస్తే సరిపోతుంది. నాకు తెలిసిన పని అదే. కానీ అలా చేస్తే, వాడు పిన్నికి ఏం చెప్పుకున్నాడో అదే నిజమవుతుందనిపించింది.

"వాడు నాది తీసుకున్నాడు పిన్నీ," అన్నాను. "నేను చెప్పకపోతే నాకు సున్నా వచ్చి ఊరికి పోవాల్సొచ్చేది."

"నాతో చెప్పొచ్చుగా నిన్న? లిఫ్టు దగ్గర పక్కనే ఉన్నావుగా?"

నువ్వంటే కూడా భయమే పిన్నీ అని ఎలా చెబుతాను?

ఆవిడ లేచి సంచి తనే తీసుకుంది. నేను చెయ్యి చాపాను, ఇవ్వలేదు. "నిన్ను పొమ్మననులే. మీ అమ్మకి మాటిచ్చాను, డిగ్రీ అయ్యేదాకా ఉండు," అంది. అని తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళింది. ఆ ఇంట్లో తలుపు అంత చప్పుడు చెయ్యగా నేను వినడం అదే మొదలు.

అక్కడే నిలబడి ఉండగానే ఫోను మోగింది. అమ్మ. వైవా అని నిన్నే చెప్పాను, పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నట్టుంది.

"ఏమైందే?"

"పాసయ్యానమ్మా."

"నా తల్లే!" అమ్మ ఏడ్చినంత పనిచేసింది. "నాకు తెలుసే, నాకు తెలుసు! పిన్నికి చెప్పావా? ఎంత సంతోషించి ఉంటుందో! అంతా దాని చలవే. ఫోను దానికివ్వు, ఒక్క మాట చెబుతాను."

"డ్యూటీకి వెళ్ళిందమ్మా."

"అయితే తమ్ముడికివ్వు. వాడూ పాసయ్యాడుగా?"

పక్క గదిలో మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. అమ్మ అవతల "ఏమే, వినిపిస్తోందా? వాడికివ్వు" అంటోంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆ తలుపు వైపు చూస్తూ నోరు తెరిచాను.